ఇన్వర్నెస్‌లో మొదలైన పాస్



ఫుట్‌బాల్ శిక్షకుడి గొప్పతనాన్ని కప్పుల లెక్కతో తేల్చేయడం అందరికీ అలవాటే. ఆ లెక్కన చూస్తే, ఈరోజు నేను చెప్పబోయే పీటర్ మెక్‌విలియమ్‌కు పెద్ద మార్కులు పడవు. మేనేజరుగా ఆయన గెలిచింది ఒక ఎఫ్.ఏ. కప్పు, రెండుసార్లు రెండో డివిజన్ టైటిలు. ఆయన మేనేజరుగా ఉండగానే రెండు జట్లు మొదటి డివిజన్ నుంచి కిందికి పడిపోయాయి కూడా. అయినా, 20వ శతాబ్దంలో ఫుట్‌బాల్ ఆడే తీరును మార్చినవాళ్ల పేర్లు ఎవరైనా రాస్తే, ఈ స్కాట్లండ్ మనిషి పేరు మొదటి వరసలో ఉండి తీరాలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

దానికి ముందు స్కాట్లండ్ సంగతి కొంచెం తెలియాలి. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ 1872 నవంబరు 30న గ్లాస్గో దగ్గర పార్టిక్‌లో జరిగింది. స్కాట్లండ్, ఇంగ్లండు తలపడ్డాయి. ఆ రోజుల్లో ఇంగ్లండు వాళ్లది డ్రిబ్లింగ్ ఆట. బంతి దొరికినవాడు తల వంచుకుని ఒంటరిగా ముందుకు దూసుకుపోతాడు. మిగతావాళ్లు, వాడు పోగొట్టుకుంటే అందుకుందామని వెనకాలే పరిగెడతారు. స్కాట్లండ్ తరఫున దిగిన 11 మందీ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బు వాళ్లు, రోజూ కలిసి ఆడేవాళ్లు. ఒడ్డూ పొడుగులో ఇంగ్లండు వాళ్లతో తూగలేరు. అందుకని బంతిని ఒకరికొకరు అందించుకుంటూ ఆడారు. ఆ మ్యాచ్‌లో ఎవరూ గోలు చెయ్యలేదు. కానీ ఆ తర్వాత పది పదిహేనేళ్లు ఇంగ్లండు మీద స్కాట్లండ్‌దే పైచెయ్యి. అది చూసి ఇంగ్లండు క్లబ్బులు డబ్బిచ్చి మరీ స్కాట్లండ్ కుర్రాళ్లను తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. వాళ్లను అక్కడి జనం ప్రొఫెసర్లని పిలిచేవారు. పాస్ ఇవ్వడమనే విద్యను నేర్పడానికి వచ్చినవాళ్లు కదా మరి.

ఈ ప్రొఫెసర్లు ఇంగ్లండుతో ఆగలేదు. డంబార్టన్ ఓడల కార్ఖానాలో పనిచేసి, సెల్టిక్ క్లబ్బుకు ఆడిన జాన్ మాడెన్ 1905లో ప్రాగ్ వెళ్లి, స్లావియా క్లబ్బుకు 1930 దాకా శిక్షణ ఇచ్చాడు. జాన్ టెయిట్ రాబర్ట్‌సన్ బుడాపెస్ట్ చేరాడు. రైల్వే ఇంజనీరుగా దక్షిణ అమెరికా వెళ్లిన జాన్ హార్లీ, ఉరుగ్వే వాళ్లకు పొట్టి పాసుల ఆట అలవాటు చేశాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రసంగానికి సరిపడే జీవితం. మెక్‌విలియమ్ సముద్రం దాటలేదు. ఆయన ఆట మాత్రం దాటింది.

మెక్‌విలియమ్ స్కాట్లండ్ ఉత్తరాన ఇన్వర్నెస్ పట్టణంలో పెరిగాడు. అక్కడి ఇన్వర్నెస్ థిసిల్ జట్టులో ఆడాడు. 1902లో సండర్‌లాండ్ క్లబ్బు కబురు పెడితే రైలెక్కాడని, దారిలో న్యూకాసిల్‌లో స్నేహితుణ్ణి చూడడానికి దిగాడని, ఆ సంగతి తెలిసిన న్యూకాసిల్ యునైటెడ్ వాళ్లు కదలనివ్వకుండా అక్కడే సంతకం పెట్టించుకున్నారని ఒక కథ చెబుతారు. సండర్‌లాండ్, న్యూకాసిల్ ఇరుగు పొరుగు ఊళ్లు, ఆటలో బద్ధశత్రువులు. కాబట్టి న్యూకాసిల్ వాళ్లు ఈ కథను ఎంత ఇష్టంగా చెప్పుకుంటారో మీరే ఊహించుకోండి.

ఆయన ఆడిన స్థానం లెఫ్ట్ హాఫ్. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. అప్పటి జట్టులో గోల్‌కీపరు ముందు ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఆపైన ఏకంగా ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవాళ్లు. వెనకవాళ్లు అడ్డుకోవాలి, ముందువాళ్లు గోలు కొట్టాలి. ఈ ఇద్దరినీ కలిపేది హాఫ్ బ్యాక్. ఎదుటివాడి కాలి నుంచి బంతి లాక్కోవాలి, లాక్కున్న క్షణంలోనే తనవాళ్లు ఎవరు ఎక్కడున్నారో చూడాలి, సరైనవాడికి అందించాలి. మైదానం మొత్తం కళ్లముందు కనబడే స్థానమది. మెక్‌విలియమ్ ఆ స్థానంలో తొందరపాటు లేకుండా, నడుమును చిన్నగా అటూ ఇటూ ఊపి ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించి బంతితో వెళ్లిపోయేవాడు. ఆ నడుము ఊపు న్యూకాసిల్‌లో ప్రసిద్ధం. అభిమానులు ఆయనకు పెట్టిన పేరు 'పీటర్ ది గ్రేట్'. రష్యా చక్రవర్తి బిరుదు అది.

ఆనాటి న్యూకాసిల్ మామూలు జట్టు కాదు. 1905, 1907, 1909 సంవత్సరాల్లో మూడుసార్లు లీగ్ గెలిచింది. అందులో స్కాట్లండ్ వాళ్లు చాలామంది. కాలిన్ వీచ్ లాంటి చదువుకున్న ఆటగాడు ఉండేవాడు. ఐర్లండు నుంచి వచ్చిన బిల్ మెక్‌క్రాకెన్ ఆఫ్‌సైడ్ నియమాన్ని వలలా వాడి ప్రత్యర్థుల్ని ఎంత విసిగించాడంటే, చివరికి 1925లో ఆ నియమాన్నే మార్చాల్సి రావడానికి అతనొక కారణమయ్యాడు. ఆటగాళ్లు తమలో తాము కూర్చుని, ఎలా ఆడాలి, ఎక్కడ తప్పు జరిగింది అని మాట్లాడుకునేవాళ్లు. మేనేజరు పైనుంచి ఆజ్ఞ ఇస్తే వీళ్లు అమలు చెయ్యడమనేది ఆ జట్టులో లేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి. మెక్‌విలియమ్ తర్వాత మేనేజరైనప్పుడు ఇదే పద్ధతి వెంట తెచ్చుకున్నాడు.

లీగ్‌లో అంత గొప్పగా ఆడిన జట్టుకు ఎఫ్.ఏ. కప్పు మాత్రం చాలాకాలం అందలేదు. అప్పట్లో ఫైనల్ లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో జరిగేది. న్యూకాసిల్ అక్కడ 1905లో ఆస్టన్ విల్లా చేతిలో, 1906లో ఎవర్టన్ చేతిలో ఓడింది. 1908లో మరీ అన్యాయం, రెండో డివిజన్ జట్టు వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ 3-1తో ఓడించింది. మూడింటిలోనూ మెక్‌విలియమ్ ఆడాడు. 1910లో బార్న్‌స్లీతో ఫైనల్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1-1తో ముగిసింది. రీప్లే లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో పెట్టారు. మైదానం మారగానే న్యూకాసిల్ 2-0తో గెలిచింది. అలా నాలుగో ఫైనల్లో మెక్‌విలియమ్‌కు కప్పు పతకం దక్కింది.

స్కాట్లండ్ జట్టుకు 8 మ్యాచ్‌లు ఆడాడు. ఎనిమిదోది 1911 మార్చిలో కార్డిఫ్‌లో వేల్స్‌తో. ఆ మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. మళ్లీ ఆడలేకపోయాడు.

ముప్పయ్యేళ్లు దాటి, మోకాలు పాడైన ఆటగాడికి ఆ రోజుల్లో పెద్ద దారులు ఉండేవి కావు. బాగా ఆడినవాళ్లు కూడా చాలామంది చిన్న బడ్డీ పెట్టుకునో, సారాయి దుకాణం నడుపుకునో బతికారు. మెక్‌విలియమ్‌ను మాత్రం 1912 చివర్లో ఉత్తర లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ మేనేజరుగా పిలిచింది. స్పర్స్ అంటాం కదా, ఆ జట్టే. అప్పటికి వాళ్ల పరిస్థితి ఏమంత బాగాలేదు. ఆయన ఒకటి రెండు సీజన్లు సర్దుతూ ఉండగానే ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1914-15 సీజన్లో స్పర్స్ మొదటి డివిజన్లో అందరికన్నా అడుగున నిలిచింది. యుద్ధం వల్ల లీగ్ ఆగిపోయింది.

ఇక్కడ ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మానని ఒక గాయం ఉంది. 1919లో లీగ్ మళ్లీ మొదలైనప్పుడు మొదటి డివిజన్‌ను 20 నుంచి 22 జట్లకు పెంచారు. అడుగున ఉన్న రెండు జట్లనూ పైనే ఉంచుతారని అందరూ అనుకున్నారు. కింద నుంచి రెండో స్థానంలో ఉన్న చెల్సీని ఉంచారు. స్పర్స్‌ను ఉంచలేదు. మిగిలిన చోటు కోసం ఓటింగ్ పెట్టారు. రెండో డివిజన్లో కనీసం మొదటి రెండు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్‌కు 18 ఓట్లు వచ్చాయి, స్పర్స్‌కు 8. ఆర్సెనల్ అప్పటికి ఆరేళ్ల కిందటే స్పర్స్ ఉన్న ప్రాంతానికి వచ్చి పక్కన కాపురం పెట్టిన క్లబ్బు. ఆ రెండు క్లబ్బుల అభిమానుల మధ్య పగ ఈనాటికీ చల్లారలేదంటే ఆశ్చర్యం లేదు.

మెక్‌విలియమ్ దానికి మైదానంలోనే సమాధానం చెప్పాడు. 1919-20లో రెండో డివిజన్లో స్పర్స్ 42 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచింది, నాలుగే ఓడింది. 102 గోల్స్ కొట్టింది. గెలిస్తే రెండే పాయింట్లు ఇచ్చే ఆ రోజుల్లో, మొత్తం 84 పాయింట్లలో 70 సాధించి పైకి వచ్చింది. కెప్టెన్ ఆర్థర్ గ్రిమ్స్‌డెల్, మెక్‌విలియమ్ లాగే లెఫ్ట్ హాఫ్. తనకు బాగా తెలిసిన స్థానం నుంచే ఆయన జట్టు మొత్తాన్ని అల్లుకుంటూ వచ్చాడు.

ఆ అల్లికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జిమ్మీ సీడ్ విషయం. సీడ్ సండర్‌లాండ్ క్లబ్బు కుర్రాడు. యుద్ధంలో విషవాయువు పీల్చి తిరిగొచ్చాడు. ఇక ఇతని పని అయిపోయిందని క్లబ్బు వదిలేసింది. వేల్స్ బొగ్గు గనుల మధ్య ఉన్న మిడ్ రోండా అనే చిన్న జట్టులో ఆడుకుంటున్నాడు. మెక్‌విలియమ్ 1920లో అతణ్ణి అక్కడ కనిపెట్టి లండన్ తీసుకొచ్చాడు. పరుగు వేగం, కండబలం చూసి మనిషిని ఎంచుకునే మేనేజరైతే సీడ్ వైపు చూసేవాడే కాదు. మెక్‌విలియమ్ చూసింది వేరు: బంతి కాలికి తగలకముందే దాన్ని ఎక్కడికి పంపాలో తెలిసినవాడా, కాదా? సీడ్‌కు అది తెలుసు. మరుసటి ఏడాదే అతను ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో ఆడాడు.

ఆ ఫైనల్ 1921 ఏప్రిల్ 23న స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానంలో జరిగింది. కుండపోత వాన. నేలంతా బురద. ఐదో జార్జి చక్రవర్తి వచ్చాడు. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్, అప్పుడు కూడా రెండో డివిజన్ జట్టే. 13 ఏళ్ల కిందట మెక్‌విలియమ్‌ను కప్పుకు దూరం చేసిన ఆ వుల్వ్స్ మీద ఈసారి స్పర్స్ 1-0తో గెలిచింది. గోలు కొట్టింది జిమ్మీ డిమాక్, 20 ఏళ్ల కుర్రాడు. బురదలో పాసుల ఆట నడవదు, ఆ రోజు ఆటలో అందం కూడా తక్కువే. అయినా కప్పు కప్పే. మరుసటి ఏడాది లీగ్‌లో లివర్‌పూల్ వెనక రెండో స్థానంలో నిలిచారు.

మెక్‌విలియమ్ చేసిన అసలు పని కప్పు గెలవడం కాదని నేనంటాను. ఆయన క్లబ్బులోని జట్లన్నిటికీ ఒకే ఆట నేర్పాడు. మొదటి జట్టు, రిజర్వు జట్టు, కుర్రాళ్ల జట్టు, అందరూ బంతిని నేలమీదే ఉంచాలి, దగ్గరివాడికి అందించాలి, అందించి నిలబడిపోకుండా కదలాలి. పదిహేనేళ్ల పిల్లవాడు ఈ అలవాటుతో పెరిగితే, ఇరవయ్యో ఏట మొదటి జట్టులోకి వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. సంగీతం నేర్చుకునే పిల్లలు ముందు సరళీ స్వరాలతో మొదలుపెట్టినట్టు, ఇక్కడ అందరికీ మొదటి పాఠం ఒకటే. కెంట్ ప్రాంతంలోని నార్త్‌ఫ్లీట్ అనే చిన్న క్లబ్బు స్పర్స్ కుర్రాళ్లకు తర్ఫీదు కేంద్రంగా పనిచేసింది. ఇవాళ పెద్ద క్లబ్బులన్నీ కోట్లు పోసి అకాడమీలు నడుపుతున్నాయి. ఆ ఆలోచన అంత పాతదన్నమాట.

ఆయన దగ్గరికి 1920ల్లో బడి పిల్లవాడిగా వచ్చినవాడు ఆర్థర్ రో. టాటెన్‌హామ్‌లోనే పుట్టినవాడు. ఈ పేరు దగ్గరికి మళ్లీ వద్దాం.

1927లో మిడిల్స్‌బ్రో క్లబ్బు మెక్‌విలియమ్‌కు ఏడాదికి 1500 పౌండ్లు ఇస్తామంది. స్పర్స్‌లో ఆయన జీతం 850. వెయ్యి చేస్తే ఇక్కడే ఉంటానన్నాడు. క్లబ్బు డైరెక్టర్లు ఒప్పుకోలేదు. 150 పౌండ్ల దగ్గర, తమ ఆటకు ప్రాణం పోసిన మనిషిని వదులుకున్నారు. ఇది నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు. ఆ తర్వాత కొన్ని నెలలకే జిమ్మీ సీడ్‌ను కూడా షెఫీల్డ్ వెన్స్‌డేకి పంపించేశారు. 1927-28 సీజన్లో సీడ్ నాయకత్వంలో షెఫీల్డ్ వెన్స్‌డే చివరి వారాల్లో అడుగు నుంచి పైకి లేచింది. ఆ క్రమంలో స్పర్స్‌ను రెండుసార్లు ఓడించింది. స్పర్స్ 38 పాయింట్లతో కిందికి పడిపోయింది. దాంతో పాటు 37 పాయింట్లతో పడిపోయిన రెండో జట్టు ఏదంటే, మెక్‌విలియమ్ వెళ్లి చేరిన మిడిల్స్‌బ్రోనే. ఇద్దరూ నష్టపోయారు. ఇక షెఫీల్డ్ వెన్స్‌డే 1929లోనూ, 1930లోనూ వరసగా లీగ్ గెలిచింది, కెప్టెన్ సీడ్.

మిడిల్స్‌బ్రోను మెక్‌విలియమ్ ఏడాదిలోనే రెండో డివిజన్ చాంపియన్‌గా పైకి తెచ్చాడు. 1934 దాకా అక్కడున్నాడు. కానీ ఆ ఏళ్లు ఆయన జీవితంలో గొప్పవి కావు, వాటి గురించి ఎక్కువ చెప్పను. తర్వాత కొన్నాళ్లు, వింతగా, ఆర్సెనల్‌కు కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే పని చేశాడు.

1938లో స్పర్స్ మళ్లీ ఆయన తలుపు తట్టింది. జట్టు అప్పటికి రెండో డివిజన్లోనే ఉంది. వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి రెండో ప్రపంచ యుద్ధం. కప్పుల లెక్క చూసేవాళ్లకు ఈ రెండో విడత సున్నా. కానీ అప్పుడు ఆ క్లబ్బులో ఉన్న కుర్రాళ్లను చూడండి. బిల్ నికల్సన్, రైట్ హాఫ్, ఆ ఏడాదే మొదటి జట్టులోకి వచ్చాడు. విక్ బకింగ్‌హామ్, అతనూ హాఫ్ బ్యాకే. రాన్ బర్జెస్, మరో హాఫ్ బ్యాక్. గోల్‌కీపర్ టెడ్ డిచ్‌బర్న్. యుద్ధం మధ్యలో, 1942లో, మెక్‌విలియమ్ విరమించుకున్నాడు.

ఇప్పుడు ఆర్థర్ రో సంగతి. సెంటర్ హాఫ్‌గా స్పర్స్‌కూ ఇంగ్లండుకూ ఆడిన రో 1949లో అదే క్లబ్బుకు మేనేజరుగా వచ్చాడు. తను చిన్నప్పుడు నేర్చుకున్న ఆటను ఇంకా వేగంగా మార్చాడు. బంతి రాగానే ఒక్క తాకుతో అందించు, వెంటనే ఖాళీలోకి పరిగెత్తు, మళ్లీ అందుకో. దాన్ని 'పుష్ అండ్ రన్' అన్నారు. రో జట్టుకు కెప్టెన్ బర్జెస్, రైట్ హాఫ్ నికల్సన్, గోల్‌లో డిచ్‌బర్న్. అందరూ మెక్‌విలియమ్ నాటి కుర్రాళ్లే. 1950లో రెండో డివిజన్ గెలిచారు. పైకి వచ్చిన వెంటనే 1951లో మొదటి డివిజన్ గెలిచారు. స్పర్స్ చరిత్రలో అదే మొదటి లీగ్ టైటిలు. ఆ సీజన్లోనే 1950 నవంబరులో న్యూకాసిల్‌ను, అంటే మెక్‌విలియమ్ ఆడిన పాత జట్టును, 7-0తో ఓడించారు. ఆ టైటిలు ఏప్రిల్‌లో వచ్చింది. మెక్‌విలియమ్ అదే ఏడాది అక్టోబరులో, మిడిల్స్‌బ్రో దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న రెడ్‌కార్ ఊళ్లో కన్నుమూశాడు. తన విద్యకు పట్టాభిషేకం జరిగిందని తెలిసే వెళ్లాడు.

కథ అక్కడితో ఆగలేదు. నికల్సన్ 1958లో స్పర్స్ మేనేజరయ్యాడు. 1961లో ఒకే సీజన్లో లీగ్‌నూ ఎఫ్.ఏ. కప్పునూ గెలిచాడు. 20వ శతాబ్దంలో ఆ రెండూ ఒకేసారి గెలిచిన మొదటి జట్టు అది. రో జట్టులో బ్యాక్‌గా ఆడిన ఆల్ఫ్ రామ్సే 1966లో ఇంగ్లండుకు ప్రపంచ కప్పు గెలిపించిన మేనేజరు. బకింగ్‌హామ్ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి అయాక్స్ క్లబ్బుకు శిక్షకుడయ్యాడు. 1964 నవంబరులో 17 ఏళ్ల కుర్రాణ్ణి మొదటిసారి జట్టులోకి దించాడు. ఆ కుర్రాడి పేరు యోహాన్ క్రైఫ్. బకింగ్‌హామ్ 1969 నుంచి 1971 దాకా బార్సెలోనాలో పనిచేశాడు. అయాక్స్‌లోనూ, బార్సెలోనాలోనూ ఆయన వదిలిన కుర్చీలో కూర్చున్నవాడు రీనస్ మిషెల్స్. మిషెల్స్, క్రైఫ్ కలిసి ఆ రెండు క్లబ్బుల్లో ఏం చేశారో ఫుట్‌బాల్ చూసే ప్రతివాళ్లకూ తెలుసు.

దీన్ని మరీ సాగదీసి, బార్సెలోనా ఆటంతా ఇన్వర్నెస్ నుంచే వచ్చిందనడం న్యాయం కాదు. అయాక్స్‌లో జాక్ రెనాల్డ్స్ అనే ఆంగ్లేయుడు అంతకు ముందే దశాబ్దాలపాటు పనిచేసి గట్టి పునాది వేశాడు. హంగరీ వాళ్లకూ, ఆస్ట్రియా వాళ్లకూ వాళ్ల సొంత గురువులున్నారు. మిషెల్స్ సొంత బుర్ర సంగతి సరేసరి. నేను చెప్పేది ఇంతే: ఆ ప్రవాహంలో కలిసిన ముఖ్యమైన పాయల్లో ఒకటి ఉత్తర లండన్‌లో, మెక్‌విలియమ్ తీర్చిదిద్దిన క్లబ్బులో పుట్టింది.

ఇంకొకటి గమనించండి. మెక్‌విలియమ్, రో, నికల్సన్, బకింగ్‌హామ్, నలుగురూ హాఫ్ బ్యాక్‌లే. గోల్స్ కొట్టి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు కారు. ఆటను మధ్యలో నిలబడి చూసినవాళ్లు, మిగతావాళ్లు బాగా ఆడేలా చూడడమే పనిగా ఎంచుకున్నవాళ్లు. శిక్షణ అనే పనికి వీళ్లు సరిగ్గా సరిపోవడం కాకతాళీయమని నేను అనుకోను.

ఇంగ్లండులో 20వ శతాబ్దపు మొదటి సగంలో పనిచేసిన మేనేజర్లలో గొప్పవాడెవరని అడిగితే అందరూ హెర్బర్ట్ చాప్‌మన్ పేరు చెబుతారు. హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ రెండిటికీ లీగ్ టైటిళ్లు తెచ్చిన మనిషి, ఆ గౌరవం ఆయనకు తగినదే. ఆయన పక్కన రెండో కుర్చీ వేయాల్సి వస్తే, నా తీర్పులో అది పీటర్ మెక్‌విలియమ్‌ది.